రాజు గారు ఊకొట్టిన బొమ్మ

ఒకానొక రాజ్యంలో, రాజు గారికి కోరిక పుట్టిన రోజున ఎవరో ఒకరి ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. ఆ రాజ్యం రేగులకోట. ఆ రాజు చండప్రతాప భూపతి. ఆయన పేరుకు ముందు ఇరవై ఒక్క బిరుదులుండేవి. అవన్నీ చదివాక గానీ ఆయన సింహాసనం మీద కూర్చునేవాడు కాదు. అందాకా సభంతా నిలబడాల్సిందే, మోకాళ్ళ నొప్పుల ముసలివాళ్ళతో సహా.

ఆ ఏడు ఆయనకు పుట్టిన కోరిక ఒక బొమ్మ.

రాజుకు ఆరేళ్ళప్పుడు శత్రువులు కోటకు నిప్పు పెట్టారు. ఒక వీరుడు ఆ పిల్లవాణ్ణి వీపుకు కట్టుకుని, పొగలో, సొరంగం మెట్లు నూటపదీ దిగి, ఏటి ఒడ్డుకు చేర్చాడు. ఆ వీరుడు అప్పటి దళవాయి బొల్లమనాయకుడని రాజ్యమంతా చెప్పుకునేది. రాతి శాసనంలోనూ అలాగే చెక్కారు. బొల్లమనాయకుడు ఏనాడో పోయాడు. ఆయన కొడుకు మాచనాయకుడు ఇప్పుడు దళవాయి, అంటే సేనలన్నిటికీ పెద్ద. తండ్రి మెట్లు దిగినందుకు కొడుకు పన్నెండు ఊళ్ళు ఏలుకుంటున్నాడు.

రాజు చిన్నప్పటి నుంచి ఆ వీరుణ్ణి తలుచుకుంటూ పెరిగాడు. కత్తి పట్టడం నేర్చుకున్నా, గుర్రం ఎక్కినా, ఆయన చూస్తే మెచ్చుకుంటాడా అనే మనసులో. ఇప్పుడు ఆ వీరుడి బొమ్మ సింహాసనం వెనుక గోడ మీద ఉండాలన్నాడు.

"నా మనసులో ఎలా ఉన్నాడో అలాగే ఉండాలి. కాకపోతే గీసినవాడి బొటనవేలు తీయిస్తాను" అని చాటింపు వేయించాడు.

ఇద్దరు చిత్రకారులు గీశారు. ఇద్దరి బొమ్మలనూ రాజు ఎగాదిగా చూశాడు. "ఇతను కాడు" అన్నాడు. ఎందుకు కాడో చెప్పలేదు. ఇద్దరికీ వేళ్ళు పోయాయి.

మూడోవాడు నకాశీ లచ్చయ్య. ఊరూరా తిరిగి కథలు చెప్పేవాళ్ళకు పొడవాటి బట్టల మీద బొమ్మల పటాలు గీసిచ్చే ఇల్లు అతనిది. అతను బొల్లమనాయకుణ్ణి తెల్ల గుర్రం మీద కూర్చోబెట్టి, చెవుల దాకా మీసాలు తిప్పి గీశాడు. రాజు చూశాడు. "ఇతనూ కాడు" అన్నాడు. తలారి కొయ్యదిమ్మె తెచ్చి లచ్చయ్య ముందు పెట్టాడు.

అప్పుడు లచ్చయ్య వెనుక నుంచి ఒక గొంతు వినబడింది.

"ప్రభూ, ఒక్క మాట. మా నాయన తను చూడని మనిషిని గీశాడు. చూసింది మీరు. ఏం చూశారని మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

ఆమె లచ్చయ్య కూతురు నాంచారు. రంగుల చిప్పలు మోసుకుని తండ్రి వెంట వచ్చింది. 

సభ గతుక్కుమంది. రాజును అడగడమా? రాజు చెబితే వినాలి.

"ఆడదానివి, నీకెందుకే ఈ సంగతులు?" అన్నాడు దళవాయి. "వెళ్ళి ఇంట్లో రంగులు నూరుకో."

"నూరేదీ నేనే, గీసేదీ నేనే దళవాయి గారూ. మూడేళ్ళ నుంచి మా నాయనకు చూపు ఆనడం లేదు. పటం కింద ఆయన పేరుంటుందంతే." తండ్రి వైపు చూసింది. లచ్చయ్య తల దించుకున్నాడు. "ఆ మీసాలు తిప్పింది కూడా నేనే. అందరూ చెప్పింది విని తిప్పాను. తప్పు నాది."

రాజు కళ్ళు చిట్లించాడు. "అయితే వేలు నీది పోవాలి."

"చిత్తం. ఎనిమిది రోజులు గడువివ్వండి. ఈసారి మిమ్మల్ని అడిగి గీస్తాను. అప్పటికీ కాకపోతే మా నాయన వేలూ నా వేలూ రెండూ తీయించండి."

"రెండూ తీయిస్తాను. అందులో సందేహం పెట్టుకోకు" అన్నాడు రాజు. "అడుగు."

"ఆ రోజు మీ చెవికి ఏం వినబడింది ప్రభూ?"

రాజు కళ్ళు మూసుకున్నాడు. "టిక్కు, టిక్కు మని చప్పుడు. మెట్టు మెట్టుకూ."

"మా తండ్రి గారి కత్తి ఒర మెట్లకు తగిలిన చప్పుడు ప్రభూ" అన్నాడు దళవాయి.

"ఏం వాసన వచ్చింది?"

"పొగ. పొగలోనే తవుడు వాసన."

"గుర్రాలకు పెట్టే తవుడు. మా తండ్రి గారు గుర్రం దిగేవారు కాదు."

"మీ చెంప ఎక్కడ ఆనింది?"

"మెడ మీద. చెమటతో నున్నగా ఉంది."

"గరుకుగా ఏమీ గుచ్చుకోలేదా?"

"లేదు."

దీనికీ ఏదో చెప్పబోయిన దళవాయి, తన గడ్డం తనే నిమురుకుని ఊరుకున్నాడు.

"ముఖం ఎలా ఉంది ప్రభూ?"

"పిచ్చిదానా, వీపుకు కట్టినవాడికి ముఖం ఎలా కనబడుతుంది?" అన్నాడు రాజు. అన్నాక తనే ఒక క్షణం ఆగాడు.

"చివరిగా ఒకటి. మీకు భయం వేసిందా?"

రాజు ముఖం ఎర్రబడింది. "నేను చండప్రతాప భూపతిని. నాకు భయమా?"

"ఆరేళ్ళప్పుడు కూడానా ప్రభూ?"

రాజు ఎడమ చేతి వేళ్ళు సింహాసనం చేతిని గట్టిగా పట్టుకున్నాయి. ఆయన ఏదో దాస్తున్నాడని నాంచారుకు అర్థమైంది. ఇంకా గుచ్చితే తల ఉండదనీ అర్థమైంది. చేతులు జోడించింది.

"మా పటాలకు ఒక కట్టుబాటుంది ప్రభూ. పటాన్ని ఒక్కసారే విప్పం. గడి గడిగా విప్పుతాం. ఒక్కో గడికీ సభలో పెద్ద ఊకొట్టాలి. ఊకొట్టిన గడిని ఇక తప్పు పట్టరాదు, చుట్టి వెనక్కి పంపరాదు. మీ సభలోనూ అది నిలుస్తుందా?"

"నా నోటి నుంచి వచ్చిన ఊఁ కూడా శాసనమే" అన్నాడు రాజు. ఆ మాట ఆయనకే ఎంతో నచ్చి, లేఖకుడి చేత రాయించుకున్నాడు.

లచ్చయ్యను చెరసాలలో పెట్టారు. నాంచారు చూడబోతే, ఊచల సందు నుంచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"బిడ్డా, మొండికి పోకు. దళవాయి పోలిక పెట్టి గీసెయ్. ఆయనన్నా మన పక్షాన మాట్లాడతాడు."

"ఇప్పటికి ఆ ఇద్దరూ మనమూ కలిసి మూడు బొమ్మలకు మీసాలు పెట్టాం నాయనా. మూడూ ఆయన కాదన్నాడు. ఆ మీసాలే అడ్డం."

"మీసాల్లేని వీరుడుంటాడా?"

నాంచారు చెవిలో ఆ టిక్కు టిక్కు తిరుగుతోంది. కత్తి ఒర మెట్టుకు తగిలితే ఈడుస్తున్నట్టు ఉంటుంది. టిక్కుమనదు. రాతి మెట్ల మీద టిక్కుమనేది ఏమిటో నీళ్ళ బిందెతో రేవు మెట్లెక్కిన ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. కాలి మెట్టెలు. సభలో ఒక్క ఆడది ఉన్నా ముప్పై ఏళ్ళ కిందటే చెప్పి ఉండేది.

మెట్టెలు, నున్నటి మెడ, తవుడు వాసన. నాంచారు తిన్నగా కోట వెనుక వడ్లు దంచే కొట్టానికి వెళ్ళింది.

పది మంది ఆడవాళ్ళు దంచుతున్నారు. నాంచారు ఒక పక్కన కూర్చుని, చెరిగే చేట అందుకుని, మాటల్లో మాటగా అడిగింది. "కోట తగలబడిన నాడు మీలో ఎవరున్నారిక్కడ?"

రోకళ్ళు ఆగాయి. తొమ్మిది తలలు ఒక్క వైపు తిరిగాయి. అక్కడ అరవై దాటిన మనిషి ఒకామె ఒంటి చేత్తో రోకలి వేస్తోంది. ఎడమ భుజం పైకి లేవడం లేదు. ఆమె పేరు కొమరవ్వ.

"నాకేం తెల్వదు. పో బిడ్డా" అంది కొమరవ్వ.

"అవ్వా, నా దగ్గర ఎనిమిది రోజులున్నాయి. మా నాయన వేలు, నా వేలు పోతాయి. నిన్ను బెదిరించడానికి చెప్పడం లేదు. ఉన్నమాట చెబుతున్నాను."

కొమరవ్వ రోకలి గోడకు ఆనించింది. చాలాసేపు నాంచారు వేళ్ళ వంక చూసింది. గోళ్ళలో ఇంగిలీకం ఎరుపు, నీలిమందు.

"చెప్పినంక నన్ను బతకనిస్తరా? దళవాయి మనుషులు ఈ కొట్టం చుట్టే తిరుగుతుంటరు."

"నీ పేరు నా నోట రాదు. నా వేలు పోయినా రాదు. నీ వీపు గీస్తానంతే."

కొమరవ్వ పక్క గదిలోకి తీసుకువెళ్ళి కొంగు తీసింది. ఎడమ భుజం మీద నెలవంకలా చిన్న చిన్న గాట్లు, పాత మచ్చలు. నెలవంక మధ్యలో కొంచెం మేర గాటు లేదు.

"కాలు జారింది నాకు, సగం మెట్ల కాడ. పిలగాడు జడుసుకున్నడు. కసుక్కున కొరికిండు. ముందర పళ్ళు రెండు ఊడిపోయినయి గదా అప్పటికి, అందుకే నడిమిట్ల ఖాళీ." కొంగు కప్పుకుంది. "ఆ పంటి గాటు చీము పట్టింది. చెయ్యి అప్పటి నుంచి లేవదు."

సభలో రాజు దాచింది ఏమిటో నాంచారుకు తెలిసింది.

ఎనిమిదో నాడు సభ కిక్కిరిసింది. పటం విప్పుతారంటే అందరూ రావచ్చు. దంపుడు కొట్టం ఆడవాళ్ళు కూడా వచ్చి చివర నిలబడ్డారు. లచ్చయ్యను మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, అతని కుడి చెయ్యి కొయ్యదిమ్మె మీద పరిచారు. పక్కన రెండో దిమ్మె ఖాళీగా ఉంది. అది నాంచారుది.

నిలువెత్తు పటం పై నుంచి కిందికి చుట్టి ఉంది. నాంచారు కింది గడి విప్పింది.

రాతి మెట్లు. మెట్టు మీద ఒక పాదం, వెనక్కి లేచిన ఇంకో పాదం. పగిలిన మడమలు. లేచిన పాదం వేలి చుట్టూ సన్నని తెల్ల గీత. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

రాజు ముందుకు వంగాడు. "గుర్రం లేదు" అన్నాడు మెల్లగా. "అవును. అప్పుడు గుర్రం లేదు. ఊఁ."

రెండో గడి. మోకాళ్ళ పైకి బిగించి, గోచీ పోసి కట్టిన బట్ట. మసి అంటిన పిక్కలు.

"యుద్ధానికి కాసె బిగించిన తీరు" అన్నాడు దళవాయి, తృప్తిగా.

"ఊఁ" అన్నాడు రాజు.

నాంచారు మూడో గడి విప్పింది. వీపు. వీపుకు అడ్డంగా బట్టతో కట్టిన పిల్లవాడు, చెంప మెడకు ఆనించి, కళ్ళు మూసుకుని. ఎడమ భుజం మీద ఎర్రగా నెలవంక గాట్లు. మధ్యలో ఖాళీ.

రాజు లేచి నిలబడ్డాడు. ఆయన నాలుక తనకు తెలియకుండానే ముందరి పళ్ళ మీదికి పోయింది.

రాజు మెచ్చాడా, మండిపడ్డాడా ఎవరికీ తెలియలేదు. తలారి ఉలి చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ భుజం మీదివి ఏమిటి?" అని రాజు అడిగాడు.

"సభలో చెప్పమంటారా ప్రభూ?" అంది నాంచారు. "దళవాయి గారికి తెలిసి ఉండాలి. వారి తండ్రి గారి భుజం కదా. వారినే చెప్పమనండి."

రాజు దళవాయి వైపు తిరిగాడు. "చెప్పు."

మాచనాయకుడు ఛాతీ పొంగించాడు. "మరిచిపోతానా ప్రభూ. శత్రువుల బాణాలు. ఏడు బాణాలు ఒక్కసారే దిగాయి. రక్తం కారుతున్నా మా తండ్రి గారు ఆగలేదు. ఆ మచ్చల మీద నా చిన్నప్పుడు నేనే నూనె రాసేవాణ్ణి."

"నీ చేత్తోనే రాశావా?"

"ఈ చేత్తోనే ప్రభూ."

రాజు అతన్ని చాలాసేపు చూశాడు. తరువాత కూర్చున్నాడు. "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ లచ్చయ్యకు కూడా వినబడనంత మెల్లగా వచ్చింది.

"చివరి గడి" అంది నాంచారు. విప్పింది.

తల వెనుక భాగం. చెదిరిన కొప్పు. చెవికి తాటాకు కమ్మ.

సభలో ఒక్కసారి గగ్గోలు లేచింది. "ఆడది" అన్నారెవరో. దళవాయి కత్తి మీద చెయ్యి వేశాడు.

"ప్రభూ, ఇది మా తండ్రి గారికీ మీకూ కూడా అవమానం. మీ వీరుడికి కొప్పు పెట్టింది. దీని వేలు కాదు, తల తీయించండి."

"ఇంకొక తల పెట్టమంటే పెడతాను దళవాయి గారూ" అంది నాంచారు. "కానీ రాజు గారు ఊకొట్టిన కింది ఒళ్ళు ఒప్పుకోవాలి కదా. రాజు గారు చప్పుడు విన్నారు, మెట్టె గీశాను. మెడ నున్నగా ఉందన్నారు, నున్నగానే గీశాను. నా అంతట నేను కలిపింది ఏమీ లేదు. మీసాలే రాజు గారు చూడలేదు. అవి తరువాత చెప్పినవాళ్ళు మొలిపించారు."

రాజు కళ్ళు ఆ గాట్ల మీదే ఉన్నాయి.

"ఎవరామె?"

"చెప్పనని మాటిచ్చాను ప్రభూ."

"చెప్పకపోతే నీ తండ్రి వేలు ఇప్పుడే పోతుంది."

నాంచారు తండ్రి వంక చూసింది. లచ్చయ్య కళ్ళు మూసుకుని, చెయ్యి దిమ్మె మీద నుంచి కదల్చకుండా, "మాట తప్పకు బిడ్డా" అన్నాడు.

ఆమె నడిచి వచ్చి తండ్రి పక్కన కూర్చుని, తన చెయ్యి ఖాళీ దిమ్మె మీద పెట్టింది.

"ఈ నాలుగు గడుల తగువు తీరాలంటే దారి ఒకటే ప్రభూ. ఆమెకు మీరు అభయమివ్వండి. ఈ సభలో, పేరు తెలియకముందే. తరువాత ఆమె ఇష్టం."

రాజు అభయమివ్వడానికి ఎంతసేపు పట్టిందో ఎవరూ లెక్కపెట్టలేదు. లచ్చయ్యకు మాత్రం అది తన వయసంత అనిపించింది.

"అభయం" అన్నాడు రాజు.

సభ చివర ఆడవాళ్ళ గుంపు రెండుగా చీలింది. కొమరవ్వ ముందుకు నడిచి వచ్చింది. టిక్కు, టిక్కు. ఆ చప్పుడు దగ్గరయ్యేకొద్దీ రాజు ముఖం మీద నుంచి బిరుదులన్నీ ఒకటొకటిగా రాలిపోయాయి. చివరికి ఆరేళ్ళ ముఖం మిగిలింది.

"నువ్వా?" అన్నాడు.

"నేనే దొరా. మీ కొట్టంల వడ్లు దంచే కొమరవ్వను."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"ఆనాడే చెప్పిన. ఏటి ఒడ్డున మీ లేఖకుడు, ఎవరు తెచ్చిన్రని అడిగిండు. నేనన్న. మగని పేరు చెప్పన్నడు, శాసనానికి కావాలె అని. నా మగడు మంట చూడంగనే ఉరికిండని చెప్పిన. ఉరికినోని పేరు రాయిమీద ఎట్ల చెక్కుతం అని, పక్కన పడవల ఉన్నాయన పేరు రాసుకున్నడు."

"పడవలో ఎవరున్నారు?"

"బొల్లమనాయకుడు. మేం దిగి వచ్చేసరికే ఆయన పడవల కూసోని ఉన్నడు."

సభలో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. దళవాయి చెయ్యి కత్తి మీద నుంచి దానంతట అదే జారింది.

"మాచనాయకా," అన్నాడు రాజు, "ఏడు బాణాలకు నూనె రాసిన చెయ్యి కదా అది. రేపటి నుంచి దానికి రోకలి ఇస్తాను. కొమరవ్వ చోటు ఖాళీ అవుతోంది. నీ పన్నెండు ఊళ్ళూ ఆమెవి."

లచ్చయ్యను లేపారు. అతని చెయ్యి దిమ్మెకు అంటుకుపోయినట్టు లేవడానికి ఇష్టపడలేదు. నాంచారే ఒక్కొక్క వేలూ పట్టుకుని తీసింది. రాజు తన మెడలోని హారం తీసి ఆమెకు ఇవ్వబోయాడు.

"హారం వద్దు ప్రభూ. పటం కింద నా పేరు రాసుకుంటాను. వేళ్ళు తీసే ఆజ్ఞ కొట్టివేయండి. ఇప్పటికే పోగొట్టుకున్న ఆ ఇద్దరినీ బతికినంత కాలం మీ ఇంట పోషించండి. వాళ్ళ వేళ్ళు మీరు కూడా అతికించలేరు కదా."

ఆ చివరి మాటకు రాజు తల వంచాడు. రేగులకోటలో అది ఎవరూ ఎన్నడూ చూడలేదు. "అలాగే" అన్నాడు. హారం కూడా ఆమె చేతిలోనే పెట్టాడు.

ఇంతలో కొమరవ్వ పటం దగ్గరికి వెళ్ళి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కింది నుంచి పై దాకా చూసింది. తన వీపు తను చూసుకోవడం ఆమెకు అదే మొదటిసారి. రాజు సింహాసనం దిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఎలా ఉంది?" అని అడిగాడు, అది తనే గీసినట్టు.

"అంతా మంచిగనే ఉంది. పిలగాన్నే తప్పు గీసింది దొరా."

రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "ఏం తప్పు?"

"గింత సన్నగ ఎక్కడున్నరు మీరు? పూటకు మూడు గిన్నెల నెయ్యి తాగుతుంటిరి. నూటపది మెట్లు మోసిన నాకు తెల్వదా? నా నడుం ఇంకా గుర్తు పెట్టుకున్నది."

చండప్రతాప భూపతి నవ్వాడు. ముందు ముక్కుతో నవ్వాడు. తరువాత నోటితో, ఆ తరువాత పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వాడు. నవ్వవచ్చునో కూడదో తెలియక సభ కాసేపు ఆయన్నే చూసి, చివరికి తనూ నవ్వింది.

"దిద్దవే అమ్మా," అన్నాడు రాజు నాంచారుతో. "మోసిన మనిషి చెబుతోంది కదా."

నాంచారు చిప్పలో రంగు కలిపి, సభ మధ్యలోనే కుంచె పట్టి, రాజు గారి పిక్కలు లావు చేసింది.